చెరగని మనిషి

అక్క రాత్రి గిన్నెలు తోముతోంది. తమ్ముడు కెమెరా పట్టుకుని పక్కకు వచ్చాడు. పొద్దుగూకినప్పటి నుంచి వాడు మేడమీద నిలబడి, వీధిలో పోయే కార్లను ఫోటోలు తీస్తూనే ఉన్నాడు.

"ఇది చూడవే. ఇందాక బావ వస్తుంటే తీశాను."

"తడిచేతులురా. నీ కెమెరాకి నూరేళ్లూ నిండుతాయి."

కారుతోపాటు కెమెరాను తిప్పుతూ తీస్తే కారు తేటగా పడుతుంది. కదలకుండా ఉన్నవన్నీ చెరిగి గీతలవుతాయి. ఫోటోలో దీపస్తంభాలూ గోడలూ అలికేసినట్టున్నాయి. కారు మాత్రం స్పష్టంగా ఉంది. దాని పక్కన ఒక ముసలాయన, చొక్కా గుండీలతో సహా అంతే స్పష్టంగా ఉన్నాడు.

"రోడ్డుపక్కన ఎవరో నిలబడ్డట్టున్నారు," అంది అక్క.

"నిలబడితే చెరిగిపోవాలి కదే. కారుతో సమానంగా వచ్చాడు."

"పరిగెత్తుకుంటూనా?"

"కాళ్లు చూడు."

రెండు పాదాలూ దగ్గరగా జోడించి ఉన్నాయి.

తరువాతి ఫోటోలో ఆయన చెయ్యి కారు వెనక తలుపు మీద ఉంది. ఆ తరువాతి దాంట్లో ఆయన లేడు.

అక్క చేతులైనా తుడుచుకోకుండా ముందుగదిలోకి పరుగెత్తింది. వస్తూనే "ఇక ఈ పూటకి కదలను" అంటూ బూట్లు విప్పేసిన భర్త, మళ్లీ వాటిని తొడుక్కుంటున్నాడు.

"దారిలో ఎవరినైనా ఎక్కించుకున్నారా అండీ?"

ఆయన రెండో బూటు కూడా తొడుక్కున్నాడు. అక్క బల్లమీది కారు తాళాలు లాక్కుని గుప్పిట బిగించింది.

"ఎలా వెళ్తారో నేనూ చూస్తాను."

గిన్నెల దగ్గర విప్పి వదిలేసిన కుళాయి ధార ఒక్కటే వినిపిస్తోంది.

అప్పుడు బయట కారు స్టార్టయింది.

భర్త లేచి గడప దాటాడు.