ఉమ్మెత్త మాటలు

"అత్తయ్యా, ఫ్రిజ్‌లో నీలం కవరు ఏదీ?"

"పాలకూరేగా? వండేశాను. మీ మామయ్య ఇప్పుడే కంచం ఖాళీ చేసి లేచారు."

కోడలు ఫ్రిజ్ తలుపు ధడాలున మూసింది. ఆమె కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఆ కవరు రేపటి ప్రాక్టికల్స్ కోసం తెచ్చినది.

"అది ఉమ్మెత్త అత్తయ్యా! ఆకులో ఎట్రోపిన్, స్కోపలమైన్, అన్నీ విషాలే. నోరెండిపోతుంది, గుండె దడదడలాడుతుంది, మనిషి ఏదేదో పేలతాడు!"

అరగంటలో ముగ్గురూ ఆస్పత్రిలో ఉన్నారు. వంటింట్లో మిగిలిన పచ్చి ఆకులు కోడలి గుప్పిట్లో ఉన్నాయి. మామగారి నోరు అప్పటికే పిడచకట్టుకుపోయింది. గుండె పరుగులు పెడుతోంది. కడుపు కడగడానికి డాక్టరు గొట్టం అందుకోగానే ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు.

"బాబోయ్, నాకొద్దు! నేనా కూర తినలేదు! ముప్పై ఏళ్లుగా ఈవిడ ఆకుకూర పేపర్లో చుట్టి పారేసి, మూల మీద హోటల్లో తింటున్నాను!"

అత్తగారు గొల్లుమన్నారు. "అయ్యో, పేలుతున్నారు! నా ఆకుకూరంటే ప్రాణం పెట్టే మనిషి!"

"నీకన్నా నీ చెల్లెలే నయం, ఉప్పు వెయ్యడం తెలుసు!"

"విషం తలకెక్కేసింది డాక్టరుగారూ!"

డాక్టరు కోడలి వైపు తిరిగాడు. "ఉమ్మెత్తేనని ఖాయమా?"

కోడలు ఆస్పత్రి ల్యాబ్‌లోకి పరుగెత్తింది. ఆకు పొరను బ్లేడుతో పల్చగా లేపి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఉమ్మెత్తయితే ఆకు మీద బుడిపెల నూగు కనిపించాలి. ఆకు గాలి పీల్చే ప్రతి రంధ్రం చుట్టూ మూడు కణాలుండాలి, వాటిలో ఒకటి బుల్లిది. ఎంత వెతికినా నూగు లేదు, ఆ మూడు కణాల వరసా లేదు. అంతలో కాలేజీ అటెండరు ఫోను చేశాడు.

"మేడమ్, మీ ఉమ్మెత్త కవరు ఇక్కడే బల్ల మీద మర్చిపోయారు. పక్కనున్న నా పాలకూర కవరు తీసుకెళ్లినట్టున్నారు."

ఆమె ఒక్క పరుగున వార్డులోకి వచ్చింది.

"అత్తయ్యా, అది పాలకూరే! మామయ్య నిక్షేపంలా ఉన్నారు. ఆ దడ భయంతోనే. ఒంట్లో చుక్క విషం లేదు, బుర్ర కూడా శుభ్రంగా పనిచేస్తోంది!"

అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. కొంగు నడుముకు బిగించారు. మెల్లగా భర్త వైపు తిరిగారు.

మామగారు కోడలికి రెండు చేతులూ జోడించారు.

"ఇంకొక్కసారి సరిగ్గా చూడు తల్లీ!"