ఖాళీగా ఉన్న నాలుగు లైన్లు

“ఇవాళైనా తిట్టు మమ్మీ,” అన్నాడు ఎలీషా నోట్‌బుక్ తెరిచి.

నా కొడుకు ఉన్న పిల్లల జైలులో ర్యాప్ పాటలు రాయడం నేర్పుతున్నారు. ఇంట్లో ఏ భాషలో తిట్లు తిన్నారో ఆ భాషలోనే రాయమన్నాడట, నేర్పే కునాల్. భిలాయిలో పుట్టిన వీడికి తెలుగంటే నా మాటలే. నేనేమో వాణ్ణి ఎన్నడూ తిట్టి ఎరగను. పోలీసులు తీసుకెళ్లిన రోజు కూడా మోకరించి ప్రార్థన చేశాను, అంతే.

“నాలుగు లైన్లు ఖాళీగా ఉన్నాయి. శుక్రవారం అందరి ముందూ పాడాలి.”

“ప్రభువు నిన్ను క్షమిస్తాడు నాన్నా,” అన్నాను, మూడు ఆదివారాలుగా అంటున్నట్టే.

వాడు పెన్ను బల్లకేసి కొట్టాడు. “మళ్లీ అదే! ఆయన సంగతి ఛోడో. నువ్వేటంటావో చెప్పు.”

తిట్లు అడిగి పాట కట్టుకునే పిల్లాడు ఎక్కడైనా ఉంటాడా? నా ఓపిక నశించింది.

“సిగ్గు లేదేటిరా నీకు? చర్చిలో గిటారు వాయించిన చేత్తో తోటి పిల్లాణ్ణి కత్తితో పొడుస్తావా? ఆడింకా కుంటుతున్నాడురా! ఆళ్లమ్మ ఎదురుపడుద్దని కోహ్కా బజారుకెళ్లడమే మానేసినాను.”

నా అరుపుకు వార్డెన్ తిరిగి చూశాడు. ఎలీషా తల వంచుకుని చివరిదాకా విన్నాడు. ఒక్క ముక్క రాసుకోలేదు.

గేటు దగ్గర కునాల్ కనిపిస్తే, మిగిలిన కోపం అతని మీదికి మళ్లింది. “ఆ నాలుగు లైన్లకూ తిట్లు దొరికాయి. ఇకనైనా వాడి పాట పూర్తి చేయించు బేటా,” అన్నాను.

అతను తెల్లబోయాడు. “ఏ లైన్లు ఆంటీ? ఎలీషా పాట మొదటి వారమే పూర్తయిపోయింది.”