నాలుగో గోలీ

నాలుగో గోలీ కూడా పనిచేయలేదని విఠల్ మందు చీటీని డాక్టరు బల్ల మీదికి విసిరేశాడు. పాశమైలారం ఫ్యాక్టరీలో డ్రమ్ములు మీద పడి నడుం కింది బొక్కలు విరిగి ఏడాదైంది. నడక తిరిగొచ్చింది గానీ మగతనం రాలేదు.

"గోలీ వేసుకొని ఏం చేస్తున్నవ్?" అడిగాడు డాక్టరు.

"గోడ దిక్కు తిరిగి పండుకుంట. రెండు గంటలు చూస్త. ఏం కాదు సార్!"

"మీ ఇంటామె?"

"ఆమెకు చెప్పలే. సిగ్గయితది."

"గోలీ ఒక్కటే ఏం చెయ్యదయ్యా. మనసు పుట్టాలె, ఆమె దగ్గరికి పోవాలె. అప్పటికీ కాకుంటే డోసు మారుద్దాం. ముందు ఆమెకు చెప్పు."

ఇంటికొచ్చి గోలీల పట్టీని శివలీల ముందు పడేశాడు విఠల్.

"దెబ్బ తాకినప్పటి సంది నాతోని అయితలేదు. ఇవి మింగినా అయితలేదు. ఇగ నీ ఇష్టం," అన్నాడు, ఆమె వైపు చూడకుండానే.

శివలీల ఆ పట్టీని చేతిలోకి తీసుకొని ఏడ్చేసింది.

"ఆ దినం జరమొచ్చిందన్నా ఇనకుండ నిన్ను డ్యూటీకి తోలింది నేనే గదా! ఆ కోపంతోనే నా దిక్కు తిరుగుతలేవనుకున్న."