ఎర్ర లైటు

"లైటు వెలిగితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అని తమ్ముడు మెకానిక్ చెవిలో గొణిగాడు.

అన్నయ్య పాత ఆంప్లిఫయర్‌ను బాగుచేయిస్తానని తమ్ముడే పట్టుకెళ్లాడు. అందులో పాట పలికించే గాజు వాల్వులు ఇప్పుడు అతని సొంత సెట్టులో ఉన్నాయి. బజారంతా గాలించినా అలాంటివి దొరకలేదు మరి.

పెట్టెను అన్నయ్య ఇంట్లో మళ్లీ పెట్టి మెకానిక్ స్విచ్చి వేశాడు. ఎర్ర లైటు వెలిగింది.

"పాటేదిరా?" అన్నాడు అన్నయ్య. ఆయనకు ఈమధ్య కాస్త చెవుడు.

"మోగిపోతోంది కదన్నయ్యా! వినపడట్లేదా?" అని తమ్ముడు అరిచాడు.

అన్నయ్య స్పీకరుకు చెవి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. ముఖం వాడిపోయింది. "ఇంక పాటలు వినే యోగం లేదన్నమాట నాకు. ఈ పెట్టె నువ్వే తీసుకుపోరా."

"స్పీకర్లు కూడానా?" ఆత్రంలో తమ్ముడు అరవడం మరిచిపోయి మెల్లగా అడిగాడు.

"అవి కూడా..." అంటూనే అన్నయ్య ఆగిపోయాడు. తమ్ముడి ముఖంలోకి చూశాడు. తర్వాత, మోగుతున్నంతసేపూ వేడెక్కి చెయ్యి పెట్టనివ్వని ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు.

చల్లగా ఉంది.