ఊ అనాల్సింది మీరే

"ఒక్క పాత మందుకి తప్ప దేనికీ లొంగట్లేదు సార్, ఈ సూక్ష్మజీవి," అంది చిన్న డాక్టరు, ల్యాబ్ ఫోన్ పెట్టేస్తూ.

పెద్ద డాక్టరు ఐసీయూలో స్టూలు మీద కూలబడి మూడో మంచం వైపు చూస్తున్నాడు. ఆపరేషన్ చేసిన తలలోంచి సన్నటి గొట్టం దిగుతోంది. మెదడులోంచి వచ్చే నీరు తేటగా ఉండాల్సింది, సున్నపు నీళ్లలా ఉంది.

"నరానికి ఎక్కిస్తే మందు మెదడు దాకా చేరట్లేదు. ఆ గొట్టంలోంచే నేరుగా లోపలికి పంపిద్దాం సార్."

"ఫిట్స్ వస్తాయి."

"రావచ్చు."

"బతికినా ఎవరినీ పోల్చుకోలేని వాళ్లని ఎంతమందిని చూశాను! చాలమ్మా. సూదులు పొడిచింది చాలు, ఇక వదిలెయ్యండి."

చిన్న డాక్టరుకి ఉక్రోషం వచ్చింది. ఊపిరి ఉన్నంతవరకూ ఓడినట్టు కాదని తనకి నూరిపోసింది ఈయనే. ఇప్పుడు గడ్డం గీసుకోవడం కూడా మానేశాడు.

"పోయినేడు ఆ మేస్త్రీకి ఇంతకన్నా అధ్వాన్నంగా ఉంది. అందరూ వద్దన్నా మీరు విన్నారా?"

"అప్పుడు నాకు భయం లేదు."

ఆమె గొంతు తగ్గింది. "మరి ఏం చెయ్యమంటారు?"

"కేసు నీది. నీ ఇష్టం."

"నా ఇష్టం కాదు సార్. ఊ అనాల్సింది మీరే."

ఆయన లేచి వెళ్లి మంచం మీది దుప్పటి సర్దాడు. చివరికి "ఊ" అన్నాడు.

మందు వేశారు. ఆ సాయంత్రమే ఫిట్స్ వచ్చాయి. పెద్ద డాక్టరు గోడవైపు తిరిగి నిలబడిపోయాడు. చిన్న డాక్టరే అదుపు చేసింది. మర్నాడు మళ్లీ వేసింది, ఆ మర్నాడూ వేసింది. రోజులు ఈడ్చుకుంటూ నడిచాయి. మొండికేసిన జ్వరం ఓ పొద్దున మెల్లగా దిగడం మొదలెట్టింది. గొట్టంలో నీరు తేటపడింది. మనిషిలో మాత్రం చలనం లేదు.

"నేను చెప్పలా?" అన్నాడాయన. వరండాలోకి పోయి బెంచీ మీద ఒరిగాడు. ఎన్నాళ్ల అలసటో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రలోకి జారిపోయాడు.

పొద్దెక్కాక సిస్టరు పరుగున వచ్చి ఆయన భుజం కుదిపింది.

"సార్, మీ అమ్మాయి 'నాన్నా' అని పిలుస్తోంది!"