విన్నామని చెప్పే కూత

పెద్ద చెరువును మొసలి ఏలడం మొదలుపెట్టాక, ఒక నీటికోడి పిల్లల్ని వెంటబెట్టుకుని కాలువ దాటి కొంగల మడుగుకు వచ్చేసింది. అక్కను మాత్రం తీసుకురాలేకపోయింది.

నీటికోళ్లకు ఒక ఆచారం ఉంది. ఆపదలో ఎవరు కూసినా విన్నవాళ్లు బదులు కూయాలి. పరాయి చోట పెరిగే పిల్లలు అది మరిచిపోతారేమోనన్న బెంగతో తల్లి రోజూ నేర్పేది.

ఒక ఉదయం పెద్ద చెరువు పక్షులన్నీ మొసలి మీద తిరగబడ్డాయి. "మా గుడ్లు మావి! మొసలి పోవాలి!" అన్న కూతలు మడుగు దాకా వినిపించాయి.

"భలే భలే! ఏం గుండె ధైర్యం!" అన్నాయి కొంగలు ఒంటికాలి మీద నిలబడే. "ఇంకాస్త గట్టిగా అరిస్తే మొసలి తోక ముడుస్తుంది."

"మనమూ బదులు కూద్దామా బాబాయ్?" అని నీటికోడి ముసలి కొంగను అడిగింది.

"మతి పోయిందా అమ్మాయ్? మన చేపలు బెదిరిపోవూ!"

అంతలో అవతల కూతలు ఒక్కొక్కటే ఆగిపోసాగాయి. చివరికి అక్క గొంతు ఒక్కటే మిగిలింది. నీటికోడి ముక్కు తెరిచింది. ఈ కాలువ మొసలికి తెలియని దారి కాదు. పిల్లల్ని చూసుకుని ముక్కు మూసేసింది.

అప్పుడు చిన్న పిల్ల రెక్క కిందనుంచి తల బయటపెట్టి, అమ్మ నేర్పినట్టే, గొంతు చించుకుని కూసింది.

అవతల అక్క కూత ఒక్క క్షణం ఆగి, రెట్టింపు బలంతో లేచింది. ఇవతల కొంగలన్నీ చప్పుడు చేయకుండా నీటికోడి గూటికి దూరంగా జరిగాయి. కాలువలో నీళ్లు కదిలాయి. తల్లి పిల్లకు అడ్డంగా నిలబడి, తనూ కూసింది.