ఎడమ సీటు

చేపల వ్యాపారం చేసే రాజకుమారి ఆ మధ్యాహ్నం కారులో స్టీరియో తనే బిగించుకుంది. "మెకానిక్ ఎందుకు, నాకు చేతుల్లేవా?" అంటూ ఆంప్లిఫయర్‌ను ఎడమ సీటు కిందికి తోసి వైర్లు కలిపింది. పాట బ్రహ్మాండంగా వచ్చింది.

చీకటి పడ్డాక పాలకాయతిప్ప నుంచి ఒంటరిగా తిరిగొస్తుంటే సీటు బెల్టు బీప్ మొదలైంది. తన బెల్టు పెట్టుకునే ఉంది. మోగుతున్నది ఎడమ సీటుది. దానిమీద చేపల ట్రే పెట్టినా అలాగే మోగుతుంది. కానీ ఇప్పుడు సీటు ఖాళీ.

మరిది అయ్యప్పకు ఫోన్ చేసింది.

"సీటు కింద బీప్ సెన్సరు వైరు కదిలుంటది వదినా. పీకెయ్, ఆగిపోద్ది."

మడ చెట్ల పక్కన కారాపి, వంగి, ఆ వైరు పీకేసింది. మళ్లీ బయలుదేరింది. బీప్ ఆగలేదు. పాట ఆపి చెవి పెట్టి వింది. బయట ఒక్క కప్ప కూడా అరవడం లేదు. కారులో బీప్, బీప్.

రాజకుమారికి భయం కన్నా ముందు కోపమొచ్చింది. రోడ్డువైపే చూస్తూ గట్టిగా అరిచింది.

"ఎవరైతే నాకేంటి? కారు నాది, తోలేది నేను. ఎక్కితే ఎక్కావు, బెల్టు పెట్టుకుని కూర్చో. లేదంటే దిగు!"

పక్కన బెల్టు సర్రున లాగిన చప్పుడైంది. బకిల్ టక్కుమని పడింది. బీప్ ఆగిపోయింది.

ఆమె పక్కకు చూడలేదు. పాట మళ్లీ పెట్టి, సౌండు పెంచి, గేరు మార్చింది.

"దిగేది కూడా నేను చెప్పినచోటే" అంది.